సముద్రం లేని దీపస్తంభం

ముందే ఒప్పేసుకుంటాను. ఈ అధ్యాయంలో నేను న్యాయంగా ఉండను. నవచ్ఛత్ర సమాఖ్య పేరు వింటేనే నాకు ఒళ్ళు మంట. కథ చెప్పేవాళ్ళు ఎవరి పక్షమూ పట్టకూడదంటారు. పట్టేశాను, ఇప్పుడేం చేస్తారు?

పోయిన అధ్యాయాలు చదవనివాళ్ళకి మునిగిపోయిందేమీ లేదు. తెలియాల్సింది ఇంతే. తొమ్మిది పెద్ద రాజ్యాలు కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. అందులో చేరాలని తహతహలాడే చిన్న రాజ్యాలను గడప రాజ్యాలంటారు. వాటిని లోపలికి రమ్మనరు, వెళ్ళిపొమ్మనీ అనరు. "చేరే ముందు కాస్త తయారవ్వండి" అంటూ చేతిలో బంగారం పెడతారు. ఆ బంగారం పేరు సన్నాహ నిధి. హిమకూటం అలాంటి గడప రాజ్యమే. ఇప్పటి రాజుగారి తాత గడప మీద నిలబడ్డాడు, తండ్రి నిలబడ్డాడు, ఇప్పుడు రాజుగారు నిలబడ్డారు. కాళ్ళు నొప్పి పుట్టడం తప్ప ఇంకేమీ జరగలేదు.

ఇక కథలోకి.

హిమకూట నగరం మబ్బుల పైన ఉంది. అక్కడి ఆడవాళ్ళు జడ విదిలిస్తే చుక్కలు రాలతాయని కింది దేశాల కవులు రాసుకున్నారు. రాలేది మంచు, చుక్కలు కాదు. అయినా కవుల్ని తప్పుపట్టలేం. పగడపు రంగు రాతిమేడలు, మేడల అంచుల్లో గాజు పూసల్లా వేలాడే మంచు ముక్కలు, సందుల్లో జడలబర్రెల మెడగంటల మోత, ఊరి చుట్టూ లోయ నిండా తెల్లగా కదలాడే పొగమంచు. ఉదయపు ఎండ పడ్డప్పుడు ఆ మంచు అచ్చం పాలసముద్రమే. చెయ్యి ముంచితే మాత్రం చెయ్యి తడవదు.

అలాంటి ఊళ్ళో, కొండ కొమ్ము మీద, ఓడలకు దారి చూపే దీపస్తంభం కట్టారు.

హిమకూటం అడిగింది వంతెన. లోయ దాటే తాళ్ళ వంతెన చివికిపోయింది, దాని మీద నడిచేవాళ్ళు ఇంట్లో అందరికీ చెప్పి మరీ బయల్దేరుతున్నారు. సమాఖ్య వారు ఎంతో ఆదరంగా విన్నారు. తలలు పంకించారు. ఆ తర్వాత, నిధిలో వంతెనలకు చోటు లేదనీ దీపస్తంభాలకైతే ఉందనీ సెలవిచ్చారు. సమాఖ్యలోని మొదటి రాజ్యానికి సముద్రముంది. కాబట్టి మంచి రాజ్యమంటే దీపస్తంభం ఉన్న రాజ్యమని వాళ్ళ నమ్మకం. అంతకు ముందు ఇలాగే ఏనుగుశాల కట్టించారు. హిమకూటం ఎక్కే దారిలో ఏనుగు పట్టదు. ఇప్పుడందులో మేకలు పడుకుంటున్నాయి, చాలా హుందాగా.

నిజానికి హిమకూటానికి ఉన్న సంపద ఒక్కటే. నిప్పు.

ఆ ఎత్తున చెకుముకి రాయి కొడితే రవ్వ పుట్టదు. కింది నుంచి తెచ్చిన దివిటీ సగం దారిలోనే ప్రాణం విడుస్తుంది. ఎన్నడో కొండతల్లి పెట్టిన నిప్పొక్కటే అక్కడ బతుకుతుంది. అదే గుడిలోనూ, అదే ప్రతి పొయ్యిలోనూ. ఎవరింట్లోనైనా పొయ్యి ఆరితే మూకుడు పట్టుకుని పక్కింటికి వెళ్ళి, "పొయ్యి ఆరింది, నిప్పిస్తారా?" అనడగాలి. అడిగింది పగవాళ్ళైనా సరే, ఇచ్చి తీరాలి. తీసుకున్నవాళ్ళు తమ పొయ్యిలో వేసేదాకా దాన్ని ఎక్కడా కింద పెట్టకూడదు. వెళ్ళినవాళ్ళు మంచులో దారి తప్పకుండా, ఇంట్లోవాళ్ళు వాకిట్లో నిలబడి గరిటెతో గిన్నె వాయిస్తూ ఉంటారు.

ఆ రోజు హిమకూటంలో ఒక్క పొయ్యి కూడా వెలగడం లేదు. కారణం పరీక్ష.

సమాఖ్య నుంచి మహాసన్నాహాధికారి జంబుకాక్షుడు తనిఖీకి వస్తున్నాడు. నక్క కళ్ళవాడని పేరులోనే ఉంది. అయినా బంగారం తెచ్చేవాడి పేరుకి అర్థం ఎవరు వెతుక్కుంటారు? ఊరి మీద పొగ కనిపిస్తే సమాఖ్యకు నచ్చదని అతను కబురంపాడు. రాజు వజ్రబాహుడు, పేరుకే వజ్రం గానీ చేతులు కందికట్టెలు, వెంటనే రాజ్యంలోని పొయ్యిలన్నీ ఆర్పించేశాడు. పొగ కాస్త తగ్గించమంటే నిప్పునే లేకుండా చేసిన రాజు చరిత్రలో ఇతనొక్కడే. పైగా గుడిలోని నిప్పును కూడా తీయించి, అధికారి మెచ్చుకోవాలని దీపస్తంభం మీద పెట్టించాడు.

రాజు చెల్లెలు తరళకు అన్నంటే ప్రాణం. అన్న తెలివంటే మాత్రం చెప్పలేనంత చులకన.

"అన్నా, ఊరంతా చల్లారబెట్టి, ఉన్న ఒక్క నిప్పునీ కొండ కొమ్మున నిలబెట్టావు. గాలొస్తే?" అనడిగింది పొద్దున్నే.

"రాదమ్మా. అధికారిగారు రాదన్నారు."

"ఆయన చెప్తే గాలి వింటుందా?"

"చూడు తల్లీ, పరీక్ష అయ్యేదాకా నీ మేడ దిగకు. నీ నోటికి జడిసి ఇంకో తరం గడప మీదే కూర్చోబెడతారు మనల్ని."

"సంజె మంచు దిగేలోపు పొయ్యిలు వెలగకపోతే కూర్చోవడానికి మనం ఉండం. పసిపిల్లలు ముందు పోతారు."

"మధ్యాహ్నానికల్లా అయిపోతుందిలే!" అని రాజు కొత్త శాలువా సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

తరళ మేడ దిగలేదు. మాట మాటే. కిటికీలోంచి దూకింది. సమాఖ్య మాటల్ని రాజుకు మార్చి చెప్పే ఆస్థాన దుబాసీ ఇంటికి వెళ్ళి, ఆయన ముందు వెన్న కుండ పెట్టి, ఆయన తలపాగా, అంగీ, ఉద్యోగం మూడూ ఒక పూటకి పుచ్చుకుంది. జడలబర్రె తోక వెంట్రుకలతో గడ్డం అంటించుకుంది. గడ్డం నుంచి కొంచెం బర్రె వాసన వచ్చింది. దుబాసీ దగ్గరా అదే వాసన కాబట్టి ఇబ్బంది లేదు. సమాఖ్య భాష ఆమెకు ముందే వచ్చు.

జంబుకాక్షుడు పల్లకీలో వచ్చాడు. నెమలికంఠం రంగు పట్టు, వేలికొక ఉంగరం, ముక్కు దగ్గర అత్తరు రుమాలు. కళ్ళు మాత్రం ఊరి మీద నిలవడం లేదు, కొండ కొమ్మునున్న నిప్పు మీదికే పోతున్నాయి. దీపస్తంభం మెట్లెక్కుతూ అతను సమాఖ్య భాషలో ఏదో గొణిగాడు.

"ఏమంటున్నారయ్యా?" అన్నాడు రాజు ఆత్రంగా. ఆయన చూపంతా అధికారి మీదే. దుబాసీ మొహం చూసే తీరికెక్కడిది?

"మన మెట్లూ, మన ఎండా, మన జనమూ ఏవీ కొలతకు సరిపోలేదంటున్నారు ప్రభూ," అంది తరళ గొంతు బొంగురు చేసి.

"మార్పించేస్తామని చెప్పు!"

"ఎండనా ప్రభూ?"

"ముందు మెట్లు. ఎండ సంగతి మంత్రులతో మాట్లాడతాను."

అధికారి మరో మాట అన్నాడు. ఈసారి వెనక సేవకుడొకడు పట్టుగుడ్డ తొలగించి రాగి కుంచం ఒకటి బయటికి తీశాడు. దాని చుట్టూ తొమ్మిది గొడుగులు చెక్కి ఉన్నాయి.

"ఇది సమాఖ్య కుంచమట ప్రభూ. ఇకనుంచి ధాన్యమంతా దీంతోనే కొలవాలట."

హిమకూటంలో ధాన్యం పండదు. వచ్చిన కాస్తా దోసిళ్ళతో పంచుకుంటారు. రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత మెరుస్తోందో!" అని, దాన్ని మోయడం రాచమర్యాద కాదు గనక దుబాసీ మెడలో తగిలించాడు. అప్పటికే రాజు తల మీద సమాఖ్య బహూకరించిన గడప కిరీటం ఉంది. తగరంది. గాలి తగిలినప్పుడల్లా టింగుమంటోంది.

స్తంభం పైన, స్ఫటికపు అరలో, కొండతల్లి నిప్పు దానిమ్మ పువ్వులా విచ్చుకుని ఉంది. దాని చుట్టూ మంచు కరిగి రాతి మీద చిన్న చిన్న వాగులు పారుతున్నాయి. తరళ చిన్నప్పటి నుంచీ చూసిన నిప్పు. గుళ్ళో ఉన్నప్పుడు పొయ్యిలా ఉండేది, ఇక్కడ సంతలో అమ్మకానికి పెట్టినట్టుంది.

"ఇప్పుడు సమాఖ్య గీతం," అన్నాడు జంబుకాక్షుడు. "అందరూ కళ్ళు మూసుకుని వినాలి. తెరిచినవారి రాజ్యం అనర్హం."

తరళ చెప్పింది. రాజు మూశాడు. మంత్రులు మూశారు. కింద చలికి వణుకుతూ నిలబడ్డ జనం కూడా మూశారు. దుబాసీకి మూసుకోమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, తరళ మూసుకోలేదు.

జంబుకాక్షుడు గీతం ఎత్తుకున్నాడు. రెండో చరణానికి గొంతు మారింది. మూడో చరణం గీతం కాదు, మంత్రం. ఉత్తరీయం కింది నుంచి గాజుకుండ ఒకటి బయటికొచ్చింది. నిప్పు అరలోంచి లేచి, పడగ దించిన పాములా మెలికలు తిరుగుతూ కుండలోకి దిగడం మొదలెట్టింది. దిగేముందు ఒక్కసారి భగ్గుమంది. ఆ వెలుగు పొగమంచు మీద బాణంలా దూసుకుపోయింది. లోయలో ఏదో కదిలింది.

ఓడ లేచింది.

సముద్రం లేని చోట, మంచు అలలను చీల్చుకుంటూ! గబ్బిలాల రెక్కలు కుట్టి చేసిన తెరచాపలు, మొసలి తలలాంటి ముక్కు, పట్టుకున్నవాళ్ళు లేకుండానే ఆడుతున్న తెడ్లు, పక్కల నిండా పచ్చగా మెరిసే నాచు. అంత పెద్ద ఓడ వస్తుంటే చప్పుడే లేదు. దీపస్తంభం ఎందుకు కట్టించారో తరళకు అప్పుడర్థమైంది.

"అన్నా! కళ్ళు తెరువు! నిప్పు పోతోంది!"

"గీతం అవ్వలేదు!" అన్నాడు రాజు కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని.

తరళ ఒక్క గంతులో అధికారి ఉత్తరీయం పట్టుకుంది. అతను విదిలించాడు. గడ్డం ఊడి రాజు మొహం మీద పడింది. బర్రె వాసనకు రాజు కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి.

"తరళా! నీకు గడ్డమేంటే?"

ఆ మాట పూర్తయ్యేలోగా జంబుకాక్షుడు గాజుకుండతో ఓడ అంచు మీదికి అడుగేశాడు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, ఇంతసేపూ దుబాసీ అసలెందుకో అనిపించేంత చక్కటి హిమకూటపు మాటల్లో అన్నాడు:

"బాధపడకండి మహారాజా. మీ సన్నాహం చాలా సంతృప్తికరం. ఇంత శ్రద్ధగా అన్ని పొయ్యిలూ ఆర్పిన రాజ్యాన్ని నేనింతవరకు చూడలేదు. మీ దరఖాస్తు పరిశీలనలో ఉంటుంది."

ఓడ తిరిగింది. లంగరు తాడు స్తంభం పిట్టగోడను రాసుకుంటూ జారిపోతోంది. తరళ ఆలోచించలేదు. తాడు మీదికి దూకింది. కింద లోయ నోరు తెరిచింది, మెడలో రాగి కుంచం గుండెల మీద డబడబా కొట్టుకుంది. పైకి పాకి, చేతికందిన కిటికీలోంచి లోపలికి దొర్లింది.

దొర్లిన చోట వరసగా గాజుకుండలు. ఒక కుండలో చిన్న మేఘం గింగిరాలు తిరుగుతోంది. అది ఏ ఎడారి రాజ్యపు ఒకే ఒక్క వానో. ఒక దాంట్లో తేనెటీగల ఝుంకారం, తేనెటీగలు లేకుండా. ఒక దాంట్లో ఏదో ఊరి లోయ ప్రతిధ్వని, తనను తానే పిలుచుకుంటూ. సన్నాహం పూర్తయిన రాజ్యాలన్నీ అక్కడే ఉన్నాయి, నీటుగా సర్ది. చివరి కుండలో కొండతల్లి నిప్పు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఒక రాక్షసి. తల ఓడ పైకప్పును తాకుతోంది, కాళ్ళకు కడవలంత సంకెళ్ళు.

"ఎవరే అది? ఎలకవా?"

"కాదక్కా. హిమకూటం పిల్లని. తరళ."

"హిమకూటం దాకా వచ్చేసిందీ నిధి!" రాక్షసి నవ్వింది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. "నా పేరు కుంభిల. మాది శిలావనం. మీ కొండకి అవతలి కొండ. మీకేం కట్టించాడే?"

"దీపస్తంభం."

"మాకు ఓడరేవు."

"శిలావనంలో సముద్రముందా?"

"రాళ్ళున్నాయి," అంది కుంభిల. "మా నిప్పు పట్టుకుపోతుంటే నీలాగే వెంటపడ్డాను. వెంటపడ్డదాన్నే కాపలా పెట్టాడు. ఈ కుండల్లో ఏది ఎవరు దొంగిలించబోయినా, ఎవరు లాక్కోబోయినా పిండి చేసెయ్యాలని మంత్రం వేశాడు నా చేతులకి. నా చేతులు నా మాట వినవు. నువ్వు వెళ్ళిపో తల్లీ, నిన్ను పిండి చెయ్యడం నాకిష్టం లేదు."

నిజంగానే ఆ చేతులు అప్పటికే పిడికిళ్ళు బిగిస్తున్నాయి. తరళ రెండడుగులు వెనక్కి వేసింది. బయట ఎండ పసుపు రంగుకు తిరుగుతోంది. కింద పొయ్యిలన్నీ చల్లగా ఉన్నాయి. దొంగిలించకూడదు. లాక్కోకూడదు. ఇంకేం మిగిలింది?

హిమకూటంలో నడక రాని పిల్లకు కూడా తెలిసిందే మిగిలింది. తరళ రెండు చేతులూ ముందుకు చాపింది.

"పొయ్యి ఆరింది అక్కా. నిప్పిస్తావా?"

కుంభిల పిడికిళ్ళు ఆగిపోయాయి. పెద్ద పెద్ద కళ్ళు మెల్లగా నిండాయి. మంత్రం వేసినవాడు ప్రపంచంలో ఎన్ని రకాలుగా తీసుకోవచ్చో అన్నీ ఆలోచించి కట్టడి చేశాడు. ఊరికే అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళు ఉంటారని మాత్రం వాడి బుర్రకు తట్టలేదు. సమాఖ్యలో అలాంటి అలవాటు లేదు.

"ఎన్నాళ్ళయిందే ఈ మాట విని," అంది కుంభిల. "మా శిలావనంలోనూ కాదనకూడదు. మూకుడేదీ?"

మూకుడు లేదు. తరళ మెడలోంచి కుంచం తీసి పట్టింది. కుంభిల దానివంక చూసి, చుట్టూ చెక్కిన తొమ్మిది గొడుగులూ చూసి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే పగలబడి నవ్వింది. కుండ మూత తీసి, రెండు వేళ్ళతో ఎర్రటి నిప్పుకణిక ఒకటి తీసి అందులో వేసింది. నిధి పుణ్యాన హిమకూటానికి వచ్చిన వస్తువుల్లో ఒకటి పనికిరావడం అదే మొదలు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"దొంగ! పట్టుకో!" అని అరిచాడు జంబుకాక్షుడు.

"దొంగేంటి దొరా? అడిగింది, ఇచ్చాను," అంది కుంభిల తాపీగా. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఎవరిని అడిగి ఇచ్చావు? ఏ నిబంధన ప్రకారం?"

"నిబంధన నీకు తెలీదులే. మీ ఇంట్లో పొయ్యి ఎప్పుడైనా ఆరితే అప్పుడు చెప్తాను." అంటూనే తన వీపు మొత్తం తలుపుకి ఆనించి, మాంత్రికుణ్ణి చెక్కకీ తనకీ మధ్య అప్పడంలా నొక్కేసింది. "పరిగెత్తవే పిల్లా! మా కొండకీ ఒక కణిక దాచి ఉంచు!"

"ఉంచుతానక్కా! నీ కోసం వస్తాను!"

తరళ కిటికీలోంచి లంగరు తాడు మీదికి జారింది. అక్కడ కథ మళ్ళీ మొదటికొచ్చింది. లోయలోని పొగమంచు పైకి లేచేసింది. పైన తెలుపు, కింద తెలుపు, చుట్టూ తెలుపు. కొండ ఎటుందో, లోయ ఎటుందో తెలియదు. దీపస్తంభం ఎక్కడో చీకటి మొహం వేసుకుని నిలబడి ఉంటుంది. ఓడలకు దారి చూపడానికి కట్టింది, మనుషులకు దారి చూపడం దాని పని కాదు. రాగి కాలుతోంది. కుంచం పట్టుకున్న చేతి చర్మం చుర్రుమంటోంది. దించడానికి లేదు, దించడానికి చోటూ లేదు. పైన తలుపు విరిగిన చప్పుడు, వెంటనే తాడు మీద కత్తి పడ్డ చప్పుడు. తాడులో ఒక పోగు తెగింది.

అప్పుడు వినిపించింది. టింగ్. టింగ్ టింగ్. టింగ్.

తాళం లేదు, పాడూ లేదు. పుట్టి బుద్ధెరిగాక గరిటె పట్టుకోని మనిషెవరో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గరిటె పట్టుకుని, తగరపు కిరీటాన్ని వాయిస్తున్నాడు. ప్రపంచంలో అంత అధ్వాన్నంగా వాయించగలిగేది ఒక్కడే.

"అన్నయ్య," అంది తరళ. చేతి మంటకో, దేనికో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దాని వెనక ఇంకో గిన్నె. ఇంకోటి. ఆ తర్వాత ఊరు ఊరంతా. ఇత్తడి, కంచు, మట్టి, మూతలు, తపేలాలు, ఏనుగుశాలలోంచి మేకల గంటలు కూడా. మంచు మొత్తం మోగిపోయింది. ఎటు ఎక్కువ మోగుతోందో అటు కాళ్ళు చాపి, తరళ తాడును ఒక ఊపు ఊపింది. రెండో పోగు తెగింది. ఇంకో ఊపు. కత్తి మళ్ళీ లేచింది.

కుంచాన్ని గుండెలకు హత్తుకుని, తాళం తప్పుతున్న ఆ టింగుటింగుల వైపుగా, తరళ తాడు వదిలేసింది.

తర్వాతి అధ్యాయం వచ్చేలోగా మీకో పని. మీ ఊళ్ళోనో, మీ ఆఫీసులోనో కూడా వంతెన అడిగితే దీపస్తంభం కట్టే ఉంటారు. తనిఖీ రోజున మెప్పు కోసం ఎవరో పొయ్యిలన్నీ ఆర్పించే ఉంటారు. ఏం కట్టారో, ఏం ఆర్పారో, ఇప్పుడు అందులో ఏ మేకలు పడుకుంటున్నాయో నాకు రాయండి. తరళ నేల తాకేలోపు అన్నీ చదువుతాను.